విదేశీ సాయానికి ఎన్ని గుమ్మాలు ఉండాలి? రువాండా పద్ధతి, మన పద్ధతి

ప్రశ్న అడిగినవారు: కిగాలి ప్రవాసి

సభ్యులందరికీ నమస్కారం. నేను నాలుగేళ్లుగా రువాండా రాజధాని కిగాలిలో ఒక నిర్మాణ సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. మాకు వచ్చే పనుల్లో చాలావరకు ఏదో ఒక విదేశీ దాత డబ్బుతో నడిచేవే. అందువల్ల ఒక్కొక్క బిల్లు వెనుక ఎవరి డబ్బు ఉంది, ఎవరి నియమాల ప్రకారం టెండరు పిలవాలి, ఏ ఆడిటరుకు లెక్క చూపాలి అన్న ప్రశ్నలతోనే నాకు రోజు గడుస్తుంది. పేద దేశానికి సాయం చేసేవాళ్లు ఎంతమంది ఉంటే అంత మంచిదని ఇక్కడికి రాకముందు అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ నమ్మకం సడలింది. పెళ్లింట్లో ప్రతి చుట్టమూ తనకు వచ్చిన వంట తానే వండుతానని సొంత గిన్నెలతో పొయ్యి దగ్గరికి వస్తే ఇంటివాళ్ల గతి ఎలా ఉంటుందో, పదుల సంఖ్యలో దాతలతో వ్యవహరించే చిన్న ప్రభుత్వం గతి అలాగే ఉంటుంది.

అయినా ఇక్కడి ప్రభుత్వం దాతలను చాలావరకు ఒక వరుసలో నిలబెట్టిందని, ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలు పెట్టకూడదన్న నియమం కూడా ఉందని నా సహోద్యోగులు చెబుతుంటారు. పుచ్చుకునే చెయ్యి ఇచ్చే చేతికి కింద ఉంటుందని కదా మనం అంటాం; మరి కింద ఉన్న చెయ్యి పై చేతికి నియమం పెట్టడం ఎలా సాధ్యమైంది? ఇంకో సందేహం మన దేశం గురించి. రాష్ట్రాలు నేరుగా విదేశీ సాయం తీసుకోలేవని చిన్నప్పటి నుంచి వింటున్నాను గానీ, ఆ డబ్బు నిజానికి ఏ దారిలో వస్తుందో, 2003లో చిన్న దేశాల సాయం వద్దని మన ప్రభుత్వం ఎందుకు అన్నదో ఎవరూ విడమరిచి చెప్పగా వినలేదు. అది ఆత్మాభిమానమా, లెక్కల సౌలభ్యమా? తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం 1: పరిశోధక విద్యార్థి

మీ సహోద్యోగులు చెప్పింది నిజమే, అయితే మూడు రంగాల నియమం ఆ కథలో ఆలస్యంగా వచ్చిన ఘట్టం. దాని మూలాలు 1994 నరమేధం తరువాతి సంవత్సరాల్లో ఉన్నాయి. అప్పుడు ప్రపంచం నుంచి వచ్చిన సాయంలో పెద్ద భాగం కొత్త ప్రభుత్వానికి చేరలేదు. సరిహద్దుకు అవతల నాటి జైరే (ఇప్పటి కాంగో)లోని శరణార్థి శిబిరాలకూ, స్వచ్ఛంద సంస్థలకూ వెళ్లింది. హత్యాకాండలో పాల్గొన్నవారు కూడా ఆ శిబిరాల్లోనే తలదాచుకున్నారు. సాయం ఎవరి చేతికి, ఏ దారిలో వెళుతుందన్నది ఎంత పెద్ద రాజకీయమో రువాండా పాలకులకు బోధపడింది అక్కడే.

2000 దశకం మధ్యకు వచ్చేసరికి దేశ బడ్జెట్‌లో దాదాపు సగం విదేశీ సాయమే, కానీ ఆ సాయం దేశ అవసరాల వెంట కాక దాతల ఆసక్తుల వెంట నడిచేది. అప్పట్లో ప్రభుత్వమే బయటపెట్టిన ఆరోగ్య రంగం లెక్కను ఇప్పటికీ చాలామంది ఉదహరిస్తారు. ఎయిడ్స్‌కు ఏటా 4.7 కోట్ల డాలర్లు, మలేరియాకు 1.8 కోట్లు, చిన్నపిల్లల వ్యాధులకు కేవలం 10 లక్షలు. పెద్దవారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు 3 శాతం మాత్రమే ఉండగా, ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో ఎక్కువమందిని తెచ్చేది మలేరియా. ఎయిడ్స్‌కు డబ్బు ఎక్కువైందని కాదు నా ఉద్దేశం. పంపకం చేసిన చెయ్యి దేశానిది కాదన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

2006లో మంత్రివర్గం సాయ విధానాన్ని ఆమోదించినప్పుడు అందులో తమకు ఏ రూపంలో సాయం కావాలో వరుసక్రమంలో రాసుకున్నారు. అన్నిటికన్నా ముందు ఫలానా ఖర్చుకే అన్న ముడి లేకుండా నేరుగా ఖజానాకు చేరే బడ్జెట్ సాయం, ఆ తరువాత ఒక రంగం బడ్జెట్‌కు ఇచ్చే సాయం, అన్నిటికన్నా చివర విడివిడి ప్రాజెక్టులు. ప్రాజెక్టు అయినా సరే, ప్రభుత్వ ప్రణాళికలో లేనిదైతే కాదనే హక్కు తమకుందని కూడా స్పష్టం చేశారు. అన్ని ఒప్పందాల బాధ్యతా ఆర్థిక, ప్రణాళిక మంత్రిత్వ శాఖలోని ఒక విభాగానికి అప్పగించారు. దాతలందరూ కూర్చునే సమన్వయ బృందానికి ఆ మంత్రిత్వ శాఖ శాశ్వత కార్యదర్శే అధ్యక్షుడు. ప్రతి రంగానికీ ఒక కార్యబృందం ఉంటుంది. దానికి సంబంధిత శాఖ అధికారి అధ్యక్షుడైతే, ఆ రంగంలో ముందున్న దాత సహాధ్యక్షుడు. ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఎంత ఇచ్చారు అన్నది నమోదు చేసే సమాచార నిధి ఒకటి ఉంది. దాని ఆధారంగా దాతల పనితీరును అంచనా వేసే పట్టికను ఏటా తయారుచేస్తూ వచ్చారు. మాట ఇచ్చిన సమయానికి డబ్బు పంపారా, దేశపు సొంత సేకరణ, ఆడిట్ పద్ధతులను వాడుకున్నారా అన్న గీటురాళ్లతో దాతలకే మార్కులు వేసే ఈ పద్ధతి నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

ఇక 2010లో పని విభజన. ఒక్కో దాత మూడు రంగాలను ఎంచుకుని మిగిలినవాటి నుంచి తప్పుకోవాలి. వామనుడి కథలో చెయ్యి చాచినవాడే మూడడుగుల కొలత నిర్ణయించినట్లు ఇక్కడా పుచ్చుకునేవాడే కొలత పెట్టాడు. అది ఎలా సాధ్యమైందంటే, ఒక కారణం దాతలు తమ నోటితో తామే ఇచ్చిన మాట. 2005 పారిస్ ప్రకటనలో సంపన్న దేశాలు స్వీకరించే దేశపు ప్రణాళికను అనుసరిస్తామని, తమ పద్ధతులను ఒకదానితో ఒకటి కలుపుకుంటామని సంతకాలు చేశాయి. ఇలాంటి ప్రకటనలు చాలా రాజధానుల్లో బీరువాల్లోనే ఉండిపోతాయి. కిగాలి మాత్రం ఆ కాగితాన్ని బయటికి తీసి, సంతకం చేసినవారి ముందే పరచింది. మరో కారణం, మాతా శిశు మరణాలు తగ్గడం, పిల్లలు బడికి వెళ్లడం లాంటి ఫలితాలు కంటికి కనిపించడం. తమ దేశంలో పన్ను కట్టేవారికి చూపించుకోవడానికి దాతలకు ఒక విజయగాథ అవసరం. ఆ అవసరాన్ని రువాండా తన బేరపు బలంగా మార్చుకుంది.

దీనికి రెండో ముఖం కూడా ఉంది. 2012లో తూర్పు కాంగోలోని ఎం23 తిరుగుబాటుదళానికి రువాండా తోడ్పడుతోందని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం నివేదిక ఇచ్చింది. రువాండా ఆ ఆరోపణను ఖండించినా బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ లాంటి దేశాలు సాయాన్ని నిలిపివేయడమో వాయిదా వేయడమో చేశాయి. వంద చిన్న ప్రాజెక్టులను ఒక్కసారిగా ఆపడం కష్టం, ఎందుకంటే గుత్తేదారులు, ఒప్పందాలు, సగం కట్టిన గోడలు అడ్డొస్తాయి. బడ్జెట్ సాయాన్ని ఆపడానికి మాత్రం ఒక ఉత్తరం చాలు. అంటే రువాండా ఏ రూపాన్ని అన్నిటికన్నా ముందు కోరుకుందో ఆ రూపమే అన్నిటికన్నా తేలికగా తెగిపోయింది. 2012లో 8 శాతం దాటిన ఆర్థిక వృద్ధి మరుసటి ఏడాది 5 శాతం లోపుకు పడిపోయింది. 2012 ఆగస్టులోనే పౌరుల విరాళాలతో ఆగాచిరో నిధిని ప్రారంభించారు. ఆ మాటకు ఇక్కడి భాష కిన్యారువాండాలో గౌరవం, విలువ అని అర్థం. 2025 ఆరంభంలో ఎం23 తూర్పు కాంగోలోని గోమా నగరాన్ని పట్టుకున్న తరువాత మళ్లీ అదే వరుస: బ్రిటన్ కొంత సాయాన్ని ఆపింది, బెల్జియంతో అభివృద్ధి సహకారాన్ని రువాండాయే తెంచుకుంది. సమన్వయం ఎంత చక్కగా ఉన్నా అది రాజకీయం నుంచి కాపాడే గొడుగు కాదు.

సమాధానం 2: విశ్రాంత లెక్కల ఉద్యోగి

పరిశోధక విద్యార్థి గారు రువాండా సంగతి చక్కగా చెప్పారు. మన దేశం సంగతి నేను చెబుతాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విదేశీ నిధులతో నడిచిన ప్రాజెక్టుల లెక్కలు చూస్తూ నా ఉద్యోగ జీవితంలో మంచి భాగం గడిచింది.

మొదట రాజ్యాంగం. 293వ అధికరణం ప్రకారం రాష్ట్రాలు భారత భూభాగం లోపల మాత్రమే అప్పు చేయగలవు. విదేశీ రుణాలు కేంద్ర జాబితాలోని అంశం. కాబట్టి ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు అప్పు ఇచ్చిందని పత్రికలు రాసినప్పుడల్లా నిజానికి అప్పు తీసుకున్నది భారత ప్రభుత్వం. రుణ ఒప్పందం బ్యాంకుకూ కేంద్రానికీ మధ్య, ప్రాజెక్టు ఒప్పందం బ్యాంకుకూ రాష్ట్రానికీ మధ్య జరుగుతుంది. రాష్ట్రం తయారుచేసిన ప్రతిపాదన ఆర్థిక మంత్రిత్వ శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగానికి వెళుతుంది, అక్కడ వడపోత జరిగి ఏ దాతకు ఏ ప్రతిపాదన పంపాలో నిర్ణయమవుతుంది. ఒక దేశం తన దాతలందరితో ఒకే గుమ్మం నుంచి మాట్లాడటం అంటే ఇదే, కాకపోతే రువాండా అంత చిన్న దేశంలో ఆ గుమ్మం అందరికీ దగ్గర, మనకు అది ఎంతో దూరాన ఢిల్లీలో.

డబ్బు వచ్చే దారి చాలామంది అనుకునేదానికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. ముందు రాష్ట్రం తన బడ్జెట్ నుంచి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుకు సంబంధించిన క్లెయిమును ఢిల్లీలోని కంట్రోలర్ ఆఫ్ ఎయిడ్ అకౌంట్స్ అండ్ ఆడిట్ కార్యాలయానికి పంపాలి, వాళ్లు పరిశీలించి బ్యాంకుకు పంపితే అక్కడి నుంచి విదేశీ మారకంలో జమ అవుతుంది, దానికి సమానమైన రూపాయలు కేంద్రం రాష్ట్రానికి విడుదల చేస్తుంది. కొన్ని ప్రాజెక్టులకు ప్రత్యేక ఖాతాలో కొంత ముందస్తు సొమ్ము ఉంటుంది గానీ సూత్రం అదే. అంటే ఖజానాలో డబ్బు లేని రాష్ట్రం సాయం ఉన్నా వాడుకోలేదు. ఒక జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన వోచర్లలో సేకరణ పద్ధతి సరిగా రాయలేదన్న చిన్న కారణంతో మా క్లెయిము ఒకటి నెలల తరబడి తిరిగి తిరిగి వచ్చింది. ఆ నెలల్లో సంతకం అయిన రుణం మీద వాడుకోని మొత్తానికి కట్టుబాటు రుసుము మాత్రం నడుస్తూనే ఉంది. సాయం సమన్వయమంటే పెద్ద పెద్ద సమావేశాలు గుర్తొస్తాయి గానీ, నా దృష్టిలో దాని అసలు కొలత ఇలాంటి ఫైళ్ల కదలికలో ఉంటుంది.

2005కు ముందు ఇంకో చిక్కు ఉండేది. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ నుంచి దాదాపు వడ్డీ లేకుండా, దశాబ్దాల గడువుతో వచ్చిన రుణమైనా సరే, సాధారణ వర్గం (ప్రత్యేక హోదా లేని) రాష్ట్రాలకు కేంద్రం దాన్ని 70 శాతం అప్పుగా, 30 శాతం తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటుగా తన సొంత నిబంధనలతో ఇచ్చేది. మారకపు విలువ మారితే వచ్చే నష్టం కేంద్రానిదే, కానీ వడ్డీ మాత్రం కేంద్రం నిర్ణయించినది. 12వ ఆర్థిక సంఘం సిఫారసు మీద 2005 ఏప్రిల్ నుంచి ఏ నిబంధనలతో వచ్చిందో అవే నిబంధనలతో రాష్ట్రానికి అందించే పద్ధతి మొదలైంది. వడ్డీ తగ్గింది, దానితో పాటు రూపాయి పతనమైతే పడే భారం కూడా రాష్ట్రం నెత్తికెక్కింది. ఏది మేలో ఇప్పటికీ మా పాత మిత్రులు టీ దగ్గర కూర్చున్నప్పుడల్లా వాదించుకుంటూనే ఉంటారు.

ఇక 2003 సంగతి. దానికి ముందు కొంత చరిత్ర తెలియాలి. 1958లో మన విదేశీ మారకం అడుగంటినప్పుడు ప్రపంచ బ్యాంకు నాయకత్వంలో దాత దేశాలతో భారత సాయ సంఘం ఏర్పడింది. గమనించండి, అక్కడ అధ్యక్ష స్థానంలో ఉన్నది పుచ్చుకునే దేశం కాదు, బ్యాంకు. 1966 జూన్‌లో రూపాయి విలువను తగ్గించి, డాలరుకు 4.76 రూపాయలుగా ఉన్న మారకాన్ని 7.50 చేసింది ఆ దాతల ఒత్తిడి మీదే, తీరా వస్తుందన్న సాయం ఆశించినంత రాలేదు. అమెరికా గోధుమలకు మనం రూపాయల్లో కట్టిన సొమ్ము పేరుకుపోయి, 1974లో అమెరికా రాయబారి అందులో 1,664 కోట్ల రూపాయలకు ఒకే చెక్కు రాసి మన ప్రభుత్వానికి తిరిగి ఇచ్చారు. 1998 అణుపరీక్షల తరువాత చాలా దేశాలు సాయాన్ని ఆపేశాయి. ఈ అనుభవాలన్నీ మనసులో ఉన్న ప్రభుత్వం, విదేశీ మారక నిల్వలు పెరిగిన వెంటనే, 2003 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ నోట చిన్న దాతలకు సెలవు చెప్పించింది. బ్రిటన్, అమెరికా, రష్యా, జర్మనీ, జపాన్, ఐరోపా సంఘం మాత్రమే మిగిలాయి. 2004లో కొంత సడలించి జీ8 దేశాలన్నిటికీ, ఏటా కనీసం 2.5 కోట్ల డాలర్లు ఇచ్చే ఇతర ఐరోపా సంఘ దేశాలకూ తలుపు తెరిచారు. మిగిలినవారు స్వచ్ఛంద సంస్థల ద్వారానో ఐక్యరాజ్యసమితి సంస్థల ద్వారానో ఇవ్వవచ్చన్నారు.

మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు: ఆత్మాభిమానమూ ఉంది, లెక్కా ఉంది. ఇరవై కోట్ల రూపాయల ప్రాజెక్టుకూ రెండు వేల కోట్ల ప్రాజెక్టుకూ అధికారులు దాదాపు అంతే సమయం వెచ్చించాలి, అంతే నివేదికలు రాయాలి. నేపాల్ కూడా 2014 విధానంలో గ్రాంటు అయితే ఒక ప్రాజెక్టుకు కనీసం 50 లక్షల డాలర్లు ఉండాలని రాసుకుంది. ఈ ఆలోచన ఒక్క మనదే కాదు.

సమాధానం 3: అనంత రైతు

పెద్దలు చెప్పిన లెక్క సరైనదే కావచ్చు, కానీ ఆ లెక్కలోకి రాని ఒక నష్టం మా జిల్లాకు బాగా తెలుసు. నెదర్లాండ్స్ సాయంతో 1995 నుంచి అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో భూగర్భజల బోరుబావుల పథకం నడిచింది. చిన్న, సన్నకారు రైతులు కలిసి ఒక బోరును పంచుకోవడం దాని ఉద్దేశం. దాని నుంచి పుట్టినదే రైతులే భూగర్భజలాన్ని నిర్వహించుకునే తరువాతి పథకం. రైతులు పదిహేను రోజులకొకసారి పరిశీలక బావుల్లో తాడు వదిలి నీటి మట్టం కొలిచేవారు, వర్షమాపకం చూసి రాసుకునేవారు, రబీ ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీటికి ఎంత పంట వేయవచ్చో లెక్క వేసుకునేవారు. బడి ముఖం చూడని ఆడవాళ్లు నల్లబల్ల మీద నీటి బడ్జెట్ వివరించడం నేను కళ్లారా చూశాను.

2003 నిర్ణయంతో నెదర్లాండ్స్ చిన్న దాతల జాబితాలో పడింది. పథకం ఆగిపోలేదు, డబ్బు అదే దేశానిది అయినా, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా తిప్పి ఇచ్చారు. ఇక్కడ నా ప్రశ్న ఏమిటంటే, గుమ్మాలు తగ్గించాలన్న నియమం వల్ల చివరికి మధ్యలో ఒక వసారా పెరిగిందే తప్ప దాత తగ్గిందెక్కడ? చిన్న దాత అంటే చిన్న ఆలోచన అని అర్థం కాదు. పెద్ద బ్యాంకులు రాష్ట్రం మొత్తానికి ఒకే నమూనా తెస్తాయి; నాలుగు ఊళ్లలో తాడు పట్టుకుని నీళ్లు కొలవడం లాంటి ఓపిక అడిగే పని వాటి పద్దులో సులభంగా ఇమడదు.

ఒకే గుమ్మం ఉంటే షరతుల మీద దేశానికి పట్టు ఉంటుందన్న మాట కూడా నేను పూర్తిగా ఒప్పుకోలేను. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు సుమారు 54 కోట్ల డాలర్లు ఇచ్చింది, మరుసటి ఏడాది విద్యుత్ సంస్కరణల రుణం మొదలైంది. సంతకాలు ఢిల్లీలో జరిగి ఉండవచ్చు, కానీ సంస్కరణల పట్టిక మీద బేరమంతా హైదరాబాద్‌లోనే జరిగింది. కరెంటు చార్జీల పెంపుకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. గుమ్మం దగ్గర ఎవరు కూర్చున్నారన్నదొక్కటే చూస్తే చాలదు, లోపలికి వచ్చిన కాగితాన్ని శాసనసభ, జనం ఎంతవరకు చదివారన్నది కూడా చూడాలి. రువాండాలో ఆ చదివే స్వేచ్ఛ మనకన్నా తక్కువేనని నా అభిప్రాయం.

కిగాలి ప్రవాసి

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా తిప్పి ఇచ్చిన డబ్బు గురించి చదివినప్పుడు నాకు ఇక్కడి అనుభవమే గుర్తొచ్చింది. మూడు రంగాలకు పరిమితమైన దాత నాలుగో రంగంలో ఇంకొకరి చేతి మీదుగా డబ్బు పెట్టడం కిగాలిలో కూడా వింత కాదు. విశ్రాంత ఉద్యోగి గారికి ఒక చిన్న ప్రశ్న. అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇస్తున్న రుణం కూడా మీరు చెప్పిన దారిలోనే వస్తుందా?

విశ్రాంత లెక్కల ఉద్యోగి

అవునండీ, దారి అదే. 2019 జూలైలో ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్ల అమరావతి ప్రాజెక్టును వదులుకున్నప్పుడు, భారత ప్రభుత్వం తన అభ్యర్థనను వెనక్కి తీసుకుందని చెప్పిందే గాని రాష్ట్రం పేరు చెప్పలేదు. ఎందుకంటే అడిగే అర్హత ఉన్నది కేంద్రానికే. 2024 జూలై బడ్జెట్‌లో బహుపాక్షిక సంస్థల ద్వారా 15,000 కోట్ల రూపాయలు ఏర్పాటు చేస్తామని ప్రకటించింది కూడా కేంద్ర ఆర్థిక మంత్రే. ఆ డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్లు ఆమోదించాయి. నేరుగా తీసుకునే వెసులుబాటు అసలే లేదనీ అనలేం; 2017లో ముంబయి సముద్రపు వంతెన కోసం అక్కడి ప్రాంతీయ అభివృద్ధి సంస్థ జపాన్ సంస్థ నుంచి హామీల మీద నేరుగా అప్పు తీసుకోవడానికి కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. అయితే అక్కడ కూడా చివరి హామీ భారత ప్రభుత్వానిదే.

అనంత రైతు గారు, వసారా మాట నిజమే. మేము ఆ రోజుల్లో ఫైలులో అలా రాయలేకపోయాం గాని, ఆ పథకం కాగితాలు ఒక బీరువా నుంచి మరో బీరువాకు మారినప్పుడు మా విభాగంలో అందరం అదే అనుకున్నాం.